దుప్పటికి రెండో కొస

విశేషణం అంటే ఏమిటో వదినకి తెలుగులోనే అంతంతమాత్రం తెలుసు. ఇప్పుడు దాన్ని స్పానిష్‌లో నేర్చుకోవలసి వచ్చింది. అదీ రోజంతా లాండ్రీలో నిలబడి వాచిపోయిన పాదాలను గోరువెచ్చని ఉప్పునీళ్ళ టబ్బులో పెట్టుకుని, కళ్ళు మూతలు పడుతుండగా.

ఆమెను వదినా అని పిలిచేది ఈ లోకంలో ఒక్క ఆడపడుచే. మనం కూడా అలాగే పిలుద్దాం, పోయేదేముంది. ఆ ఆడపడుచు, వాళ్ళు బతకడానికి వచ్చిన ఈ పరాయి ఊళ్ళో, ఒక ఆసుపత్రిలో ముందు కౌంటర్ దగ్గర కూర్చుని, వచ్చిన వాళ్ళ బాధలు స్పానిష్‌లో విని రాసుకునే ఉద్యోగం చేస్తుంది. పగలంతా ఊళ్ళోవాళ్ళ నొప్పులు విని ఇంటికొచ్చి, బల్లకి అవతల కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ వదినకి పాఠం చెప్తోంది.

"చూడు వదినా. మనం తెల్ల దుప్పటి అంటాం. ముందు తెలుపు, తర్వాత దుప్పటి. వాళ్ళు ముందు దుప్పటి అనేసి, అది ఎలాంటిదో తర్వాత చెప్తారు."

"ముందు మనిషిని పిలిచి, ఆ తర్వాత తిట్టినట్టన్నమాట."

"అలాగే అనుకో. ఇంకోటి. వాళ్ళకి దుప్పటి ఆడది. కాబట్టి దానికి తగిలించే మాట కూడా ఆడవేషం వేసుకోవాలి. ఒక్కటైతే ఒకలా, చాలా ఉంటే ఇంకోలా."

"దుప్పటి ఆడదేమిటే?"

"రోజూ ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి, మళ్ళీ ఇంకోళ్ళ కింద పరిచేది మగాడెలా అవుతాడు వదినా?"

వదిన నవ్వింది. టబ్బులో నీళ్ళు కదిలి నేల మీద చిందాయి. పక్కగదిలో మంచం మీద అడ్డంగా పడుకున్న మొగుడు, ఈ చదువుల గోల ఇంకా ఎంతసేపని విసుక్కున్నాడు. ఆయన బస్సులు కడిగే పని నుంచి వచ్చి అప్పుడే నడుం వాల్చాడు. ఆ ఇంట్లో అలసిపోని వస్తువంటూ ఉంటే అది గోడకున్న మేకు మాత్రమే.

"అసలు సంగతి ఇప్పుడు విను," అని ఆడపడుచు గొంతు తగ్గించింది. "దుప్పటి అన్న మాట పూర్తిగా ఎత్తేసినా పని జరుగుతుంది. ముందర చిన్న తోక ఒకటి తగిలిస్తే చాలు, ఎలాంటిదో చెప్పే మాటే వస్తువై కూర్చుంటుంది. లాస్ రోతాస్, చిరిగినవి. లాస్ వియేహాస్, పాతవి. లాస్ మంచాదాస్, మరకలు పడ్డవి."

"మంచాదాస్. మంచం మీద పరిచేవి కాబట్టి గుర్తుంటుందిలే. అయినా ఇది మనకీ ఉన్నదేగా. చిరిగినవి ఇటు పడెయ్యి, మరకలవి అటు పడెయ్యి అంటాం."

"అంటాం. మనుషుల్ని కూడా అంటాం. పొట్టిది, నల్లది, కొత్తది. లా నువేవా అంటే కొత్త దుప్పటీ కావచ్చు, నిన్న పనిలో చేరిన పిల్లా కావచ్చు."

వదిన కాళ్ళు కదపడం మానేసింది. మూడొంతులు నిద్రలో ఉన్న మొహం తేటపడింది. పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా లాండ్రీలో చెవుల పక్కనుంచి పోయే చప్పుళ్ళలో కొన్నిటికి ఒక్కసారిగా మనుషుల మొహాలు అతుక్కున్నట్టనిపించింది.

"అయితే, లా కయాదా అంటే?"

"మాట్లాడనిది. ఎవర్ని అంటున్నారేమిటి?"

"నన్నే."

ఆడపడుచు వెల్లుల్లి చేత్తోనే నోరు మూసుకుంది. "మా అన్నయ్యకి చెప్పకు, నమ్మడు."

"మరి లా సోర్దా?"

"చెవిటిది."

"మిషను మీద నా జోడీ," అంది వదిన. "అవును, వినిపించదు పాపం." అని, ఆ మాటను రెండుమూడుసార్లు నోట్లో తిప్పుకుంది. తనంతట తాను పట్టుకున్న మొదటి మాట అది. పుస్తకంలోంచి కాదు, పనిలోంచి పట్టుకున్నది.

ఇంత అవస్థా ఒక కుర్చీ కోసం. లాండ్రీలో చిరుగులు కుట్టే గది ఒకటి ఉంది. అందులో ఒక కుట్టుమిషను, ఒక కుర్చీ ఉంటాయి. అందులో కూర్చునే ఆవిడ కూతురి పురిటికని వెళ్ళి, ఇక రానని కబురు పెట్టింది. లాండ్రీ మొత్తానికి కూర్చుని చేసే పని అదొక్కటే. హోటళ్ళ డ్రైవర్లు ఆ గది కిటికీ దగ్గరికే వచ్చి ఏవి చిరిగాయో, ఏ మరకలు పోలేదో చెప్తారు. అందుకని అక్కడ కూర్చునే మనిషికి నాలుగు స్పానిష్ ముక్కలు వచ్చి తీరాలన్నాడు కొత్త మేనేజరు. కావలసినవాళ్ళు చెబితే పిలిచి మాట్లాడించి చూస్తానన్నాడు. వదిన చెప్పింది. ఆమె ఇంతవరకు దేనికీ ముందుకొచ్చి నాకు కావాలని చెప్పిన మనిషి కాదు. కాని మోకాళ్ళు మాట వినడం మానేశాయి, ఇంకో ఏడాది ఇలాగే నిలబడితే మంచం దిగలేనేమోనని లోపల భయం పట్టుకుంది.

*

ఇస్త్రీ మిషను గది ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంటుంది. లోపల కాలే రోలర్లు తిరుగుతుంటాయి. ముందర ఇద్దరాడవాళ్ళు నిలబడి, తడి దుప్పటిని చెరో కొస పట్టుకుని, ఒక్క విదిలింపుతో ముడతలు దులిపి, అంచు సరిగ్గా పట్టీ మీద పరవాలి. మిషను దాన్ని లాక్కుంటుంది. అవతల చివర ఆరిపోయి, అప్పడంలా బిగిసి బయటికొస్తుంది. ఒకరు ముందూ ఒకరు వెనకా విదిలిస్తే అంచు వంకరపోతుంది, దుప్పటి లోపల చుట్టుకుపోతుంది. అందుకే ఈ పనిలో మనిషి కన్నా జోడీ ముఖ్యం.

వదిన జోడీ ఆమెకన్నా చాలా పెద్దావిడ. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. ఆమె పేరు వదిన ఎప్పుడో విన్నది గాని నిలవలేదు, వదిన పేరు ఆమెకు నోరు తిరగలేదు. ఇద్దరూ ఆ సంగతిని అక్కడితో వదిలేశారు. చేరిన కొత్తలో వదిన వేళ్ళను తన వేళ్ళతో పట్టుకుని, కొస ఎక్కడ నొక్కాలో, మణికట్టు ఎప్పుడు తిప్పాలో నేర్పింది ఈవిడే. ఒకసారి వదిన చెయ్యి ఎర్రగా కాలితే, తన తలగుడ్డ తడిపి చుట్టి, ఆ పూట రెండు కొసలూ తనే ఈడ్చింది.

ఆవిడకి వినిపించదు. ఎన్నో ఏళ్ళు ఆ రోలర్ల హోరులో నిలబడి చెవులు పోయాయి. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటుంది, చూపు తప్పితే మాట తప్పిపోతుంది. దీనికి ఒక చిక్కు ఉంది. దుప్పటి లోపల చుట్టుకున్నా, ఎవరి చెయ్యైనా రోలర్ల దగ్గరికి పోయినా గంట మోగుతుంది. మోగిన మరుక్షణం అందరూ చేతులు వెనక్కి లాక్కోవాలి. గంట వినపడనివాళ్ళు మిషను దగ్గర ఉండకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. వదిన ఆ అక్షరాలు చదవలేదు గాని, గంట మోగినప్పుడల్లా ఇద్దరూ నిలబడే ఇనుపరేకు మీద మడమతో గట్టిగా తన్నేది. ఆ అదురు అరికాళ్ళలోంచి పాకి ఆవిడకి తెలిసేది. ఆవిడ చేతులు వెనక్కి వచ్చేసేవి. ఈ ఏర్పాటు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని చేసుకున్నది కాదు, నిలబడగా నిలబడగా కుదిరింది.

ఇది హాల్లో అందరికీ తెలుసు. ఆఫీసులో మాత్రం ఎవరికీ తెలియదు. లా సోర్దా అనే మాట మిషన్ల మధ్యే పుట్టి మిషన్ల మధ్యే తిరిగేది, ఆఫీసు గుమ్మం దాటేది కాదు. ఈ నియమం వదినకి ఎవరూ చెప్పలేదు. మాట్లాడనే మాట్లాడని మనిషికి ఏది మాట్లాడకూడదో ఎవరు చెప్తారు?

పాఠం మర్నాడు మధ్యాహ్నం మేనేజరు వదినని పిలిపించాడు. ఆమె వెళ్తుంటే జోడీ ఆపి, వదిన తలకి చుట్టుకున్న గుడ్డ సరిచేసి, జబ్బ మీద ఒక దెబ్బ వేసింది. కుర్చీ తనకే రావాలని ఆవిడకీ ఉండే ఉంటుంది. కుట్టుపని వదినకన్నా బాగా వచ్చు, వయసులో పెద్దది, కాళ్ళ నొప్పులు ఆవిడవీ కాళ్ళ నొప్పులే. కాని మేనేజరు ఎదట కూర్చుని మాట్లాడటమంటే చెవుల సంగతి బయటపడటమే. అందుకని అడగలేదు. ఇదంతా వదినకి తట్టింది, తట్టి పక్కకి జరిగిపోయింది. ఆ సమయంలో ఆమె తల నిండా లాస్ రోతాస్, లాస్ మంచాదాస్ కిక్కిరిసి ఉన్నాయి.

*

మేనేజరు చెడ్డవాడు కాదు. చిన్నవాడు, బూట్లు శుభ్రంగా ఉంటాయి, ఎవరు లోపలికొచ్చినా కూర్చోమంటాడు. బల్ల మీద దుప్పట్ల కుప్ప పెట్టించాడు. ఒక్కొక్కటీ తీసి చూపించమన్నాడు. వదిన తీసింది, విప్పింది, వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. చిరిగిందా, మరకా, పాతదా, కొత్తదా అన్నది ఆమె వేళ్ళకి ముందే తెలుసు, నాలిక వెనకాల నడిచింది. లా రోతా. లా మంచాదా. లా వియేహా. ఒక్కటి కూడా పొల్లుపోలేదు. మేనేజరు తల ఊపాడు. అతను ప్రశ్నలు చాలా నెమ్మదిగా, విడివిడిగా అడుగుతున్నాడు. ఇల్లు ఎక్కడ, ఎలా వస్తారు. వదిన పొట్టి పొట్టి మాటలతో జవాబు చెప్పింది. తన నోట్లోంచి వస్తున్న మాటలు తనవేనా అని ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. ఒళ్ళంతా తేలికైంది. ఇంత కాలం ఈ కప్పు కింద మూగదానిలా తిరిగింది. ఇప్పుడు ఒక మనిషి తనని అడుగుతున్నాడు, తను చెప్తోంది, అతనికి అర్థమవుతోంది.

మిషను మీద ఎవరితో పనిచేస్తారని అడిగాడు మేనేజరు.

పేరు గుర్తు లేదు. కాని పేరు లేకపోయినా పని జరుగుతుందని నిన్ననే నేర్చుకుంది.

"కోన్ లా సోర్దా," అంది వదిన. చెవిటామెతో.

మేనేజరు కలం ఆపాడు. సోర్దానా అని అడిగాడు. ఊరికే అలా పిలుస్తారా, లేక నిజంగానే వినిపించదా అన్నాడు. ఆ ప్రశ్న వదినకి పూర్తిగా అర్థమైంది. మధ్యలో ఒక్క మాట కూడా జారిపోకుండా అర్థమైన మొదటి పెద్ద ప్రశ్న అది. అర్థమైందన్న సంబరంలో, ఆ మాటకి సరైన అర్థం తనకి తెలుసని చూపించుకోవాలన్న ఆత్రంలో, ఆమె చెవి మీద వేలు పెట్టుకుని, తల అడ్డంగా ఊపి, "నాదా," అంది. ఏమీ వినిపించదు.

మేనేజరు బాగుందన్నాడు. లేచి నిలబడి చెయ్యి కలిపాడు. వదిన బయటికొచ్చి, మెట్ల మీద ఒక నిమిషం ఆగి, తనలో తను నవ్వుకుంది. గోడ మీది పెద్ద అక్షరాలు ఆమె భుజం పక్కనే ఉన్నాయి.

*

మర్నాడు మిషను ముందు జోడీ లేదు. కొత్త పిల్ల ఒకతె బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. ఎవరో వచ్చి వదినని కుట్టుగదిలోకి వెళ్ళమని సైగ చేశారు. ఏమీ పాలుపోక వదిన మడతల బల్ల దగ్గరికి నడిచింది. అక్కడ పనిచేసే ఆవిడ తెలుగావిడే, వదిన ఆమెను మడతలక్క అంటుంది. హాల్లో ఏ మూల ఏం జరిగినా ఆమెకి తెలుస్తుంది.

"మా జోడీ ఏదక్కా? ఒంట్లో బాగాలేదా?"

మడతలక్క తువ్వాలు మడతపెడుతూనే ఉంది, తల ఎత్తలేదు. "బాగానే ఉంది. పొద్దున్నే మేనేజరు ఆవిడ వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు. అందరం చూస్తూనే ఉన్నాం. ఆవిడ తిరగలేదు. ఇంకోసారి, ఇంకా గట్టిగా కొట్టాడు. ఎక్కడ తిరుగుతుంది? ఆఖరికి మా మొహాలు చూసి వెనక్కి తిరిగింది. మిషను మీద ఉండకూడదట, వారం ఆఖరికి వెళ్ళిపోవాలట. అందాకా గుడ్డపీలికలు కత్తిరించే చోట కూర్చోబెట్టారు."

ఇనుపరేకు మీద తన మడమ, నిన్న చెవి మీద పెట్టుకున్న తన వేలు, రెండూ ఒకేసారి వదిన కళ్ళ ముందు మెదిలాయి.

"ఎవరో చెప్పారట ఆఫీసులో," అంది మడతలక్క. ఆ ఎవరో అన్న మాటను ఆమె తువ్వాలు కన్నా జాగ్రత్తగా మడిచింది.

కుట్టుగదిలో కుర్చీ ఉంది. చెక్క కుర్చీ, దాని మీద పాత దుప్పటి ముక్కలతో కుట్టిన దిండు. కిటికీలోంచి వెలుతురు సూటిగా సూది మీద పడుతుంది. వదిన కూర్చుంది. కూర్చోగానే కాళ్ళు హమ్మయ్య అన్నాయి. ఆ సుఖం ఆమెను అడగకుండానే పిక్కల్లోంచి నడుము దాకా పాకింది. ఆమెకు ఏడుపొచ్చింది. బాధ వల్ల కాదు, ఇంత జరిగాక కూడా తన కాళ్ళకి సుఖంగా ఉన్నందుకు. ఒక దుప్పటి తీసి, చిరుగు మీద ముక్క వేసి, చుట్టూ కుట్టు వేసుకుంటూ పోయింది. సాయంత్రం దాకా ఎవరూ ఆ గదిలోకి తొంగిచూడలేదు. నీళ్ళకని హాల్లోకి వెళ్తే, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు మాటలాపేశారు. ఆమె దాటగానే వెనక ఒక మాట వినపడింది. అబ్లదోరా. ఒకరి తర్వాత ఒకరు అన్నారు, నవ్వలేదు. పీలికల చోట జోడీ గోడకి మొహం పెట్టుకుని, పనికిరాని దుప్పట్లను కత్తెరతో చీలుస్తోంది. వదిన వెళ్ళి ఎదట నిలబడింది. ఆవిడ ఆమె పెదాల వైపు చూడకుండా కళ్ళు దించుకుంది. చూడకపోతే ఆవిడతో ఎవరూ ఏమీ చెప్పలేరు.

"అబ్లదోరా అంటే ఏమిటక్కా?" అని మడతలక్కని అడిగింది వదిన.

"మీ ఆడపడుచుని అడుగు. నేర్పేది ఆవిడేగా."

*

"వాగుడుకాయ," అంది ఆడపడుచు. "నోరాగనిది. ఎవరు, నిన్నే?"

వదిన జరిగినదంతా చెప్పింది. దాచలేదు, తగ్గించలేదు. చెవి మీద వేలు పెట్టుకుని చూపించిన సంగతి కూడా చెప్పింది. ఆడపడుచు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసింది. మొగుడు మాత్రం తింటూనే, "నువ్వు కావాలని చెప్పావా ఏమిటి? అడిగాడు, చెప్పావు. కుర్చీ వచ్చింది. నోరుమూసుకుని కూర్చో," అన్నాడు.

"నోరుమూసుకుని ఉన్నంత కాలం ఎవరికీ కీడు చెయ్యలేదండీ నేను."

"అయితే ఏం చేస్తావు? వెళ్ళి మళ్ళీ నిలబడతావా? రాత్రిళ్ళు కాళ్ళు పిసకలేక చస్తున్నాను."

ఆయన పిసికేది ఎప్పుడో గాని కాదు, కాని ఆ మాట ఇప్పుడెవరూ ఎత్తలేదు. వదిన కలిపిన ముద్దని పళ్ళెంలోనే వదిలేసింది. ఆడపడుచే మెల్లగా, "తప్పు నాది కూడా వదినా. మాట నేర్పాను, అది ఎవరి దగ్గర అనకూడదో నేర్పలేదు," అంది.

"అది నీకెలా తెలుస్తుంది? నువ్వక్కడ నిలబడ్డావా? నిలబడ్డది నేను. ఆవిడ పక్కనే నిలబడ్డాను." అని వదిన చెయ్యి కడుక్కుంది. "రేపు వెళ్ళి మాట్లాడతాను. ఏమనాలో చెప్పు."

ఆడపడుచు మంచి మంచి వాక్యాలు తయారుచేసింది. దయచేసి, ఆలోచించండి, ఆవిడ ఎన్నాళ్ళనుంచో నమ్మకంగా. వదిన వాటిని పలకడానికి ప్రయత్నించి, మధ్యలో తప్పిపోయి, విసిగిపోయింది. "ఇవి నీ నోటికి సరిపోయినవే. నాకు నాలుగు మాటలు చాలు. ఇక్కడ అంటే ఏమిటి?"

"అకీ."

"తడి అంటే?"

*

మేనేజరు ఎప్పటిలాగే కూర్చోమన్నాడు. వదిన కూర్చోలేదు. చేతిలో మరమ్మతుకొచ్చిన దుప్పటి ఒకటి పట్టుకొచ్చింది. దాని చిరుగు విప్పి అతని మొహం ముందు పెట్టింది. కళ్ళు చూపించింది. తర్వాత చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. చిరుగు చూడటానికి చెవి అక్కర్లేదని అతనికి అర్థమైంది. కుట్టుగదిలో గంట లేదు, రోలర్లు లేవు. ఆ కుర్చీలో లా సోర్దా కూర్చోవాలి.

మేనేజరు ఓపిగ్గానే చెప్పాడు. డ్రైవర్లు వస్తారు, మాట్లాడతారు, ఆవిడకి ఎలా? అదీగాక ఇది తను పెట్టిన నియమం కాదు. ఆవిడకి ఏదైనా అయితే జవాబు చెప్పుకోవలసింది తనే. అతను చెప్పింది అబద్ధం కాదు. అతని గొంతులో కోపం లేదు. అందుకే వదినకి ఎక్కడ పట్టుకోవాలో దొరకలేదు. కోప్పడేవాడైతే ఏడ్చైనా ఒప్పించవచ్చు.

తలుపవతల రోలర్ల హోరు వినిపిస్తోంది. గాజు పలక సన్నగా అదురుతోంది. వదిన తలుపు తెరిచింది. హోరు గదిలోకి ఒక్కసారిగా దూకింది. మేనేజరు అసంకల్పితంగా చెవుల దగ్గరికి చేతులు తీసుకెళ్ళాడు.

"సోర్దా," అంది వదిన. కింద హాలు వైపు, మిషను వైపు వేలు చూపించింది. "అకీ."

చెవిటిది. ఇక్కడ.

అతను చేతులు దించాడు. వదిన దగ్గరున్న స్పానిష్ అంతే. తలుపు మూయకుండా పట్టుకునే నిలబడింది. మేనేజరు హాల్లోకి చూశాడు. కొత్త పిల్ల మిషను ముందు వంగి, హోరుకి కనుబొమలు ముడిచి, తప్పు విదిలింపులు విదిలిస్తోంది. ఆ చెవులు ఎక్కడ పోయాయో, ఇక ముందు ఎవరివి పోతాయో ఎవరూ చెప్పనక్కర్లేకుండానే కనిపిస్తోంది. అతను లేచి వచ్చి తనే తలుపు మూశాడు.

మరి మీరు ఎక్కడికి వెళ్తారు అని అడిగాడు. మిషను మీద చోటు ఇచ్చేశాను.

"తడి వైపు," అంది వదిన, రాత్రి నేర్చుకున్న స్పానిష్ మాటతో. అది లాండ్రీలో అందరూ తప్పించుకునే చోటు. ఉతికే మిషన్లలోంచి నీళ్ళోడే దుప్పట్ల ముద్దల్ని చేతుల్తో బయటికి లాగి బండిలోకి వెయ్యాలి. అక్కడ ఎప్పుడూ ఖాళీ ఉంటుంది. అక్కడ బరువని తెలుసా అన్నాడు మేనేజరు. తెలుసంది.

వచ్చే వారం నుంచి ఆవిడని కుట్టుగదిలో పెట్టి చూస్తానన్నాడు. చూస్తాను అన్నాడంతే. అతను మంచివాడే. మంచివాళ్ళకి కూడా ఎవరో ఒకరు తలుపు తెరిచి పట్టుకోవలసి వస్తుంది.

*

తడి వైపు నేల ఎప్పుడూ ఆరదు. రబ్బరు బూట్లలో పాదాలు నానిపోయి, సాయంత్రానికి కందగడ్డల్లా తయారవుతాయి. తడి దుప్పటి ఒక్కటే చేతికొస్తే పరవాలేదు, కాని అవి ఒకదాన్నొకటి చుట్టుకుని మెలిపడి వస్తాయి, విడదీసేసరికి భుజాలు ఊడిపోతాయి. వదిన లాగుతోంది, విసురుతోంది. మొదటి రెండు రోజులూ ఇంటికెళ్ళి టబ్బులో కాళ్ళు పెట్టుకునే ఓపిక కూడా లేక అలాగే పడుకుంది. ఆడపడుచు పాఠం ఊసెత్తలేదు. మొగుడు రెండో రాత్రి ఏమీ అనకుండా వచ్చి మంచం చివర కూర్చుని నిజంగానే కాళ్ళు పిసికాడు. ఇది ఎక్కువకాలం సాగదని ఇద్దరికీ తెలుసు.

తను కుర్చీ వదులుకుంటే అందరూ మళ్ళీ మామూలుగా చూస్తారని ఆమె ఒక మూల అనుకుంది. అలా జరగలేదు. కుర్చీ సంగతి హాల్లో తెలిసింది. కొందరు తల ఊపారు, కొందరు పిచ్చిదన్నారు. పేరు మాత్రం మారలేదు. కయాదా అన్న పేరు ఎప్పుడో కొట్టుకుపోయింది. అబ్లదోరా, బండి ఇటు తోయి. అబ్లదోరా, ఆ మూట లాగు. ఒకసారి మనిషికి అతుక్కున్న మాట మరకలాంటిది, ఎన్ని నీళ్ళు పోసినా మచ్చ ఉంటుంది. వదిన ఆ పిలుపుకి తల తిప్పడం నేర్చుకుంది.

జోడీ కుర్చీలో కూర్చుంది. తడి వైపు నుంచి కుట్టుగది గుమ్మం కనిపిస్తుంది. వంచిన తల, కదిలే మోచెయ్యి, దారం తెంపేటప్పుడు పక్కకి వంగే మెడ. ఆవిడ కుట్టు తనదానికన్నా దగ్గరగా, చక్కగా ఉంటుందని వదినకి దూరం నుంచే తెలుస్తోంది. ఆవిడ ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. ఆ కుర్చీ ఎలా వచ్చిందో ఆవిడకి ఎవరైనా చెప్పారో లేదో వదినకి తెలియదు. మిషను మీది చోటు తన వల్ల పోయిందని మాత్రం ఆవిడకి తెలుసు. మధ్యాహ్నం తిండి దగ్గర కూడా ఆవిడ బల్లకి రెండో చివర కూర్చుంది. వదిన వెళ్ళి పక్కన కూర్చునే ధైర్యం చెయ్యలేదు. క్షమించమని అడగడానికి మాట నేర్చుకుంది, జేబులో పెట్టుకున్నట్టు నోట్లో పెట్టుకుని తిరిగింది. కాని వినదలుచుకోనివాళ్ళకి, అందులోనూ చూడటం మానేస్తే చాలు వినపడనివాళ్ళకి, ఏ భాషలో చెప్తే మాత్రం ఏం?

వారం మధ్యలో ఒక డ్రైవరు కుట్టుగది కిటికీ దగ్గరికి వచ్చాడు. అతను మొదటిసారి వచ్చినవాడు. మొహం సగం మీసమే, ఆ మీసం పెదాల మీదికి గడ్డి కప్పులా వాలి ఉంది. ఏదో చెప్పాడు. జోడీ అతని మొహం వైపు చూసింది. పెదాలు కనపడలేదు. అతను మళ్ళీ చెప్పాడు, ఈసారి చేతిలో దుప్పట్ల మూట ఊపుతూ. ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, ఇంకా దగ్గరగా చూసింది. డ్రైవరు గొంతు పెంచాడు. తన మీద కోపం వస్తోందని మాత్రం ఆవిడకి తెలుస్తోంది, ఎందుకో తెలియడం లేదు. మేనేజరు గది తలుపు తెరిచే ఉంది. చూస్తాను అన్నవాడు అవతల నిలబడి చూస్తున్నాడు.

వదిన చేతిలో తడి దుప్పటి మెలి సగం విడి ఉంది. వెళ్ళాలా, వెళ్తే ఆవిడ ఏమంటుంది, వెళ్ళకపోతే ఏమవుతుంది. ఆమె కదల్లేకపోయింది. పిలవని చోటికి వెళ్ళి నోరు విప్పినందుకేగా ఇదంతా.

జోడీ కిటికీ వదిలి వెనక్కి తిరిగింది. గుమ్మం దాకా వచ్చింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి తడి వైపు సూటిగా చూసింది. తన గొంతు ఎంత పెద్దదో తనకి తెలియని మనిషి కదా, మిషన్ల హోరు మీద నుంచి హాలంతా మారుమోగేలా అరిచింది.

"అబ్లదోరా!"

అవతల ఎవరో పక్కున నవ్వారు. మడతలక్క చేతిలో తువ్వాలు ఆగిపోయింది. వదిన దుప్పటి వదిలేసి, నీళ్ళోడే బూట్లతోనే పరిగెత్తింది. కిటికీ దగ్గర నిలబడి డ్రైవరు చెప్పింది వింది. అర్థం కాని చోట మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత జోడీ వైపు తిరిగి, వెలుతురు తన మొహం మీద పడేలా జరిగి, పెదాలు నెమ్మదిగా కదిపింది. పైవి చిరిగినవి. కిందవి మరకలవి. చిరిగినవి ముందు కావాలట, ఈ సాయంత్రానికి.

జోడీ కళ్ళు ఆమె పెదాల మీద నుంచి చివరి మాట దాకా కదల్లేదు. తల ఊపి, మూట అందుకుని, పై దుప్పటి విప్పి చిరుగు ఎక్కడుందో చూసుకుంది. డ్రైవరు వెళ్ళిపోయాడు. మేనేజరు కూడా లోపలికి వెళ్ళాడు. వదిన అక్కడే నిలబడి, నోట్లో దాచుకున్న ఆ మాట అందామని పెదాలు విప్పింది. జోడీ చెయ్యెత్తి ఆపింది. సూదిలోకి దారం ఎక్కించి, దుప్పటి ఒక కొస తన మోకాలి కింద అదిమిపెట్టి, రెండో కొస వదిన చేతికిచ్చి, బిగించి పట్టుకోమని సైగ చేసింది. వదిన పట్టుకుంది.

దారం తెంపాక జోడీ తల ఎత్తకుండానే, హాలంతటికీ వినపడేలా అంది:

"దూరం వెళ్ళకు."